డాబా మీద పియు ఫోమ్ స్ప్రే చేయించాలంటే: ఓనరు దగ్గరుండి చూసుకోవాల్సిన పనులు

కమర్షియల్ బిల్డింగ్ కట్టుకున్నవాళ్లకు అన్నిటికంటే పెద్ద తలనొప్పి పై అంతస్తు. రోహిణి కార్తెలో రాత్రి ఎనిమిదింటికి కూడా సీలింగ్‌కు చెయ్యి ఆనిస్తే వేడిగా తగులుతుంది. పగలంతా స్లాబు తాగిన ఎండ అప్పుడు కిందికి దిగుతుంటుంది. ఏసీ ఆగదు, కరెంటు మీటరూ ఆగదు. మృగశిర వచ్చి నాలుగు వానలు పడగానే అదే స్లాబు ఉరవడం మొదలుపెడుతుంది. కింద అద్దెకున్నాయన ఫోన్ చేసి "సార్, సర్వర్ రూంలో బకెట్ పెట్టాం" అంటాడు.

ఈ రెండు బాధలకూ కలిపి ఇప్పుడు చాలామంది చెబుతున్న మందు పాలీయురేతేన్ ఫోమ్ స్ప్రే. సైట్ల మీద పియు అనో, పఫ్ అనో అంటారు. రెండు రకాల డ్రమ్ముల్లో రెండు ద్రవాలు వస్తాయి. ఒకటి ఐసోసైనేట్, రెండోది పాలీయోల్. మెషిన్ రెంటినీ వేడి చేసి, సమపాళ్లలో, గట్టి ఒత్తిడితో గొట్టాల్లోంచి పంపిస్తుంది. గన్ దగ్గరికి వచ్చాకే అవి కలుస్తాయి. స్లాబు మీద పడిన పలుచని తడిపొర పాలు పొంగినట్టు పొంగి, ఇరవై ముప్ఫై రెట్లు పెరిగి, చూస్తుండగానే గట్టిపడుతుంది. ఎక్కడా అతుకుండదు. 40 మి.మీ. ఫోమ్ వేడిని ఆపే తీరు రెండు మీటర్లకు పైగా మందమున్న కాంక్రీటుతో సమానం. బరువు చూస్తే చదరపు మీటరుకు రెండు కిలోలు కూడా ఉండదు. అదే పాతకాలంలో స్లాబు మీద పరిచే ఇటుక ముక్కల పొర, అంటే కోబా, నాలుగంగుళాలు వేస్తే 150 కిలోలు దాటుతుంది.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్ స్టేడియం కప్పు 2005లో కత్రినా తుపానుకు దెబ్బతింటే, 2006లో తిరిగి వేసింది స్ప్రే ఫోమే. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ 1970లలోనే తన భవనాల మీద ఇది వేయడం మొదలుపెట్టి, పైన పెయింటులా వేసే కోటింగ్‌ను మళ్లీ మళ్లీ వేసుకుంటూ దశాబ్దాలు నడిపించింది.

అయితే ఒక్క సంగతి మొదటే చెప్పాలి. టైల్స్, షీట్లు ఫ్యాక్టరీలో తయారై, పరీక్షలు దాటి వస్తాయి. ఫోమ్ అలా కాదు, సరుకు తయారయ్యేదే మీ డాబా మీద. డ్రమ్ము ఎంత మంచి కంపెనీదైనా, ఆ పూట గాలి, స్లాబులో చెమ్మ, గన్ పట్టుకున్నవాడి చెయ్యి సరిగా లేకపోతే తయారయ్యేది చెత్తే. కాబట్టి కొటేషన్ మీద సంతకం పెట్టేసి ఇంటికెళ్లి పడుకుంటే కుదరదు.

ముందు డాబా సంగతి తేల్చుకోండి

మొదటి ప్రశ్న: మీ డాబా మీద ఎవరు తిరుగుతారు? ఫోమ్ మీద కోటింగ్ వేసి అలాగే వదిలేయడం ఒక పద్ధతి. తేలిక, చౌక, లీకు ఎక్కడ వచ్చిందో కనబడుతుంది. కానీ దాని మీద క్యాంటీన్ పెడతాం, ఆదివారం ఫంక్షన్లు చేస్తాం అంటే పనికిరాదు. కుర్చీ కాలు దిగబడుతుంది. అలాంటి చోట ఫోమ్ మీద ప్లాస్టిక్ షీటు పరిచి, జాలీ వేసి, 40–50 మి.మీ. కాంక్రీటు పోస్తారు. మన దగ్గర ఎక్కువగా నడిచేది ఇదే. దీనికి చదరపు మీటరుకు వంద నుంచి నూట ఇరవై కిలోల బరువు మళ్లీ ఎక్కుతుంది, పాత బిల్డింగయితే స్ట్రక్చరల్ ఇంజినీరును ఒకమాట అడగాలి. రేపు లీకు వస్తే నీళ్లు కాంక్రీటు కింద ఎటు పారాయో పట్టుకోవడం దేవుడికే తెలియాలి. నన్నడిగితే, ఏసీ మెకానిక్కూ ట్యాంకు కడిగేవాడూ తప్ప ఎవరూ ఎక్కని డాబాకు కోటింగే మేలు. వాళ్లు నడిచే దారి వరకు అదనంగా ఒక కోటు వేసి, గరుకు రవ్వ చల్లిస్తే చాలు. ఇక్కడి నుంచి చెప్పేది ఆ పద్ధతి గురించే.

రెండో ప్రశ్న: స్లాబు నిజంగా డాబా మీది వాననీటికే ఉరుస్తోందా? ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగున చెమ్మ, పిట్టగోడ బీటలు, గోడలోంచి వచ్చే పైపు, ఇవన్నీ స్లాబు లీకులాగే కనబడతాయి. వాన లేని పది రోజుల తర్వాత కూడా సీలింగ్ మీద తడి ఆరలేదంటే దోషి ట్యాంకో పైపో అయి ఉంటుంది. దాన్ని బాగుచేయకుండా ఫోమ్ కొడితే నీళ్లు లోపలే ఉండిపోతాయి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, చెమ్మ. తడి స్లాబు మీద ఫోమ్ కొడితే ఐసోసైనేట్ ఆ నీటితో కలిసి గ్యాసు పుట్టిస్తుంది. ఫోమ్ అడుగున బుడగలు వచ్చి పట్టు వదిలేస్తుంది. ఆ రోజు ఏమీ కనబడదు. ఒక ఎండాకాలం గడిచాక అప్పడాల్లా ఉబ్బెత్తులు లేస్తాయి. ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ ముక్కను స్లాబు మీద పరిచి, నాలుగంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించండి. సాయంత్రం పెట్టి మర్నాడు ఉదయం, అంటే కనీసం 16 గంటలు ఆగి, చూడండి. అడుగున నీటి చుక్కలు కనబడినా, కాంక్రీటు రంగు ముదిరినా స్లాబు ఇంకా ఆరలేదు. ఒక్కచోట కాదు, నీళ్లు నిలిచే పల్లాల్లో, ట్యాంకు పక్కన, పిట్టగోడ మొదట్లో, ఐదారు చోట్ల పెట్టండి. కొత్త స్లాబయితే 28 రోజుల క్యూరింగ్ పూర్తయి, ఆ తర్వాత ఆరి ఉండాలి.

పాత కోబా ఉన్న డాబాలతో ఇంకో చిక్కు. పైన పొడిగా కనబడుతుంది, లోపల ఇటుక ముక్కలు స్పాంజీలా నీళ్లు పట్టుకుని ఉంటాయి. సుత్తితో తట్టుకుంటూ నడవండి. డొల్లగా మోగిన చోట ఒక గుంత తవ్వించి చేత్తో తడిమి చూడండి. తడిగా ఉంటే ఆ మేరకు కోబా తీసేయాల్సిందే. "పైన ప్రైమర్ కొట్టేస్తే సరిపోద్ది సార్" అని మేస్త్రీ అంటే, నవ్వి ఊరుకోండి.

రేకుల షెడ్డయితే లెక్క వేరు. తుప్పు గీకించి, వదులైన స్క్రూలు బిగించి, మరీ తినేసిన రేకులు మార్చి, తుప్పు నిరోధక ప్రైమర్ కొట్టాకే ఫోమ్. ఆస్బెస్టాస్ రేకులను మాత్రం గీకనివ్వకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. కోల్డ్ స్టోరేజీలకు లోపలి చల్లదనం వల్ల తేమ బయటి నుంచి లోపలికి లాగుతుంది. వాటికి వేరే డిజైన్ కావాలి, ఈ పద్ధతిని యథాతథంగా అక్కడ వాడొద్దు.

కొటేషన్‌లో ఏం రాయించుకోవాలి

"పియు ఫోమ్ ట్రీట్‌మెంట్, చదరపు అడుగుకు ఇంత" అని ఒక్క లైను కొటేషన్ వస్తే వెనక్కి పంపండి. సాంద్రత, మందం, కోటింగ్ మందం, ఈ మూడూ లేకుండా రేటుకు అర్థం లేదు. ఒకాయన తక్కువ చెప్పాడంటే ఈ మూడింట్లో ఎక్కడో కోసినట్టే.

డాబా మీద వేసే ఫోమ్ సాంద్రత ఘనపు మీటరుకు 40 నుంచి 48 కిలోలుండాలి. గోడల మధ్య నింపే 30–32 కిలోల ఫోమ్ డాబాకు చాలదు, మనిషి నడిస్తే నొక్కుకుపోతుంది. మందం కనీసం 40 మి.మీ. అని, 'సగటున' అనే మాట లేకుండా రాయించండి. సగటు అంటే ఒకచోట 60, ఇంకోచోట 20 కూడా కావచ్చు. పని ఐఎస్ 12432 మూడో భాగం ప్రకారం జరగాలని ఒక వాక్యం చేర్చండి, స్ప్రే ఫోమ్‌కు మన దేశంలో ఉన్న ప్రమాణం అదే. ఫోమ్‌ను పొంగించే వాయువు ఏదో కూడా అడగండి. ఓజోన్ పొరకు హాని చేసే హెచ్‌సీఎఫ్‌సీ 141బి వాడకాన్ని ఫోమ్ తయారీలో మన దేశం 2020 జనవరి 1 నుంచి ఆపేసింది. పాత స్టాకని ఎవరైనా అంటగట్టబోతే వాళ్లకు పని ఇవ్వకండి. మంటను తట్టుకునే గ్రేడ్ ఏమిటో టెస్టు సర్టిఫికెట్‌తో సహా తీసుకోండి.

ఇప్పుడొక చిన్న లెక్క. ఇది తెలిస్తే మిమ్మల్ని ఎవరూ సులువుగా మోసం చేయలేరు. 5,000 చదరపు అడుగుల డాబా అంటే దాదాపు 465 చదరపు మీటర్లు. దాన్ని 40 మి.మీ. మందంతో, అంటే 0.04తో గుణిస్తే 18.6 ఘనపు మీటర్లు. సాంద్రత 45 అనుకుంటే 837 కిలోల ఫోమ్. గాలికి పోయేది, ఎగుడుదిగుళ్లలో ఎక్కువ పట్టేది కలిపి 15 శాతం వేసుకుంటే 960 కిలోలు. ఒక్కో డ్రమ్ములో 200 నుంచి 250 కిలోల సరుకుంటుంది. అంటే కనీసం రెండు ఐసోసైనేట్, రెండు పాలీయోల్, మొత్తం నాలుగు డ్రమ్ములు నిండుగా రావాలి, ఖాళీగా పోవాలి. మూడు డ్రమ్ములతో పని అయిపోయిందన్నారంటే మీ డాబా మీద మందమో సాంద్రతో తగ్గింది. డ్రమ్ము మీది బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, సీలు విప్పకముందే.

డాబాను సిద్ధం చేయడం

స్ప్రే పని రెండు రోజుల్లో అయిపోతుంది. దానికి ముందు పని వారం పడుతుంది, అదే అసలు పని. ఊడుతున్న పాత పెయింటు, నాచు, ఆయిల్ మరకలు తీయించండి. నీళ్లతో కడిగితే తిరిగి ఆరేదాకా ఆగాలి, ప్లాస్టిక్ పరీక్ష మళ్లీ చేయాలి. బీటలను వెడల్పు చేసి సీలెంట్ నింపాలి. స్లాబు, పిట్టగోడ కలిసే మూలలో సిమెంటుతో గుండ్రంగా వంపు కట్టించండి. అక్కడ పదునైన మూల ఉంటే ఫోమ్ సరిగా కూర్చోదు. ఫోమ్ పిట్టగోడ మీదికి కనీసం ఆరంగుళాలు ఎక్కాలి, ఆ మేరకు ప్లాస్టరింగ్ గట్టిగా ఉండాలి.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, సోలార్ స్టాండ్లు, హోర్డింగ్ కాళ్లు, సీసీ కెమెరా వైర్లు, పైకి రావాల్సినవన్నీ ఫోమ్ కంటే ముందే రావాలి. తర్వాత పెట్టే ప్రతి బోల్టూ ఒక కొత్త చిల్లు.

వాటం సంగతి మర్చిపోవద్దు. బకెట్ల కొద్దీ నీళ్లు పోసి చూడండి. ఎక్కడ నిలుస్తున్నాయో సుద్దతో చుట్టూ గీత గీయండి. ఆరబెట్టి, ఆ పల్లాలను ముందుగా ఫోమ్‌తోనే పూడ్పించి, తర్వాత మొత్తం మీద స్ప్రే చేయించవచ్చు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన విషయం ఇదే, బరువు పెరగకుండా వాటం దిద్దుకోవచ్చు. వంద అడుగులకు ఒక అడుగు దిగినా నీళ్లు పోతాయి, రెండు దిగితే ఇంకా మంచిది. నీళ్లు దిగే గొట్టం చుట్టూ మాత్రం ఫోమ్‌ను పలుచన చేసుకుంటూ వచ్చి పళ్లెంలా చేయాలి. గొట్టం నోటి దగ్గర గట్టులా లేస్తే డాబా చెరువవుతుంది.

స్ప్రే రోజు

మన దగ్గర ఫిబ్రవరి నుంచి మే వరకు అనువైన కాలం. డిసెంబరు, జనవరి ఉదయాల్లో మంచు పడుతుంది, వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో అయినా అన్ని గంటలూ ఒకటి కాదు. రెంటచింతల ఎండలో మధ్యాహ్నం రెండింటికి స్లాబు మీద కాలు పెట్టలేం. అంత వేడికి ఫోమ్ పరుచుకునేలోపే పొంగి గట్టిపడిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది. మంచు తడి ఆరాక మొదలుపెట్టి పదకొండు, పన్నెండు మధ్య ఆపేయడం ఎక్కడైనా క్షేమం.

కాంట్రాక్టరు దగ్గర తేమ కొలిచే మీటరు, స్లాబు వేడి చూసే లేజర్ థర్మామీటరు ఉండాలి. లేకపోతే ఆ మనిషి కళ్లకు గంతలు కట్టుకుని పనిచేస్తున్నట్టే. చూడాల్సింది డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ చెమ్మగా దిగే ఉష్ణోగ్రత. నోటి లెక్కన తేలుతుంది. వందలోంచి తేమ శాతం తీసేసి, ఐదుతో భాగించి, గాలి వేడిలోంచి తీసేయండి. గాలి 28 డిగ్రీలు, తేమ 80 శాతం అయితే డ్యూ పాయింట్ 24. స్లాబు దానికంటే కనీసం మూడు డిగ్రీలు పైన, అంటే 27 దాటి ఉండాలి. తేమ 85 శాతం మించితే ఆ పూట పని వద్దు.

గాలి వేగం గంటకు 20 కిలోమీటర్ల లోపే ఉండాలి. ఫోన్‌లో వాతావరణం చూసి సరే అనుకోకండి, నాలుగో అంతస్తు మీద గాలి వేరు. ఇది నాకు దెబ్బ తిని అబ్బిన తెలివి. మొదటిసారి చేయించినప్పుడు పిట్టగోడ మీదుగా తెర కట్టకుండానే పని మొదలుపెట్టించాను. గాలి పెద్దగా లేదనే అనుకున్నాం. సాయంత్రం పక్క కాంప్లెక్సు పార్కింగ్ నుంచి ఒకాయన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, తన కారు బానెట్ మీద నా వేళ్లు పెట్టించాడు. కంటికి ఏమీ లేదు. చేతికి మాత్రం సన్న ఇసుక కాగితంలా తగిలింది. గన్ నుంచి లేచిన తుంపర గాల్లోనే గట్టిపడి వచ్చి అతుక్కుంది. కడిగితే పోలేదు. అలాంటి బళ్లు పదకొండు తేలాయి. ఒక్కోదానికి పాలిష్ పట్టించి ఇచ్చేసరికి, కాంట్రాక్టరుతో బేరమాడి మిగుల్చుకున్న డబ్బు మొత్తం పోయింది. అప్పట్నుంచి చుట్టుపక్కల వాళ్లకు ముందురోజే చెప్పి బళ్లు తీయించడం, మనిషెత్తు తెర కట్టించడం, కిటికీ అద్దాలకు ప్లాస్టిక్ అతికించడం నా లిస్టులో మొదటివి.

ఏసీలకు, ఎగ్జాస్టులకు గాలి లాగే దారులన్నీ ఆ పూట మూసి ఉండాలి. ఐసోసైనేట్ ఆవిరి పీలిస్తే ఉబ్బసం పట్టుకుంటుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. గన్ పట్టుకున్నవాడికి స్వచ్ఛమైన గాలి గొట్టంతో అందే మాస్కు, కళ్లద్దాలు, ఒళ్లంతా కప్పే సూటు ఉండాలి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని వచ్చినవాణ్ణి పని మొదలుపెట్టనివ్వకండి. పై అంతస్తు ఆఫీసుకు ఆ రోజు సెలవివ్వడం మంచిది. డాబా మీద బీడీ, వెల్డింగ్ నిషేధం.

డాబా మీద కొట్టే ముందు అట్ట మీద నమూనా కొట్టమనండి. ప్రతి ఉదయమూ కొట్టాలి. చల్లారాక పైపొర, అడుగుపొర కోసేసి, నిడివి, వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 4 సెంటీమీటర్లు ఉండేలా ముక్క చెక్కి, వంటింట్లో వాడే గ్రాముల కాటా మీద పెట్టండి. 16 గ్రాములు తూగితే సాంద్రత 40, 18 తూగితే 45. పన్నెండు, పదమూడు చూపిస్తే మెషిన్ ఆపించండి. ముక్కను విరిచి కూడా చూడండి. గుల్లగా రాలుతుంటే ఐసోసైనేట్ ఎక్కువైంది. మెత్తగా, జిగటగా ఉంటే పాలీయోల్ ఎక్కువైంది. మధ్యలో గోధుమ రంగు మాడు కనబడితే ఒకేసారి మందంగా కొట్టారు, లోపలి వేడికి కాలింది.

40 మి.మీ. ఒకే దెబ్బలో కొట్టకూడదనేది అందుకే. ఒక్కో పొర 12 నుంచి 35 మి.మీ. లోపు, రెండు మూడు పొరల్లో రావాలి. పొర చల్లబడ్డాకే పై పొర. మొదలుపెట్టిన మేరంతా ఆ రోజే పూర్తి మందానికి తెచ్చి ఆపాలి, సగం మందంతో రాత్రంతా వదిలేస్తే మర్నాటి పొరకు పట్టు తగ్గుతుంది.

ఉపరితలం ఎలా ఉందో చూస్తే చెయ్యి తిరిగినవాడో కాదో తెలిసిపోతుంది. నున్నగా ఉంటే భేష్. బత్తాయి తొక్కలా ఉంటే బాగున్నట్టే. పేలాల్లా గుత్తులు గుత్తులుగా, చెట్టు బెరడులా పగుళ్లతో ఉంటే ఒప్పుకోవద్దు. ఆ గుత్తుల మధ్య లోయల్లోకి కోటింగ్ దిగదు, నీళ్లు దిగుతాయి. చెక్కించి మళ్లీ కొట్టించాలి.

మందం చూడటానికి పాత సైకిల్ పుల్ల ఒకటి చాలు. చివర నుంచి 40 మి.మీ. దగ్గర మార్కర్‌తో గీత గీసి, ఫోమ్‌లోకి నిటారుగా గుచ్చండి. గీత మునగకపోతే మందం చాలదు. వంద చదరపు అడుగులకు ఒకచోట చొప్పున, మీకు తోచినచోట గుచ్చండి, వాళ్లు చూపించినచోట కాదు. తర్వాత రెండు మూడు చోట్ల కత్తితో అంగుళం వెడల్పు ముక్క అడుగు దాకా కోసి తీయించండి. ఫోమ్ చిరిగి, కొంత స్లాబుకే అతుక్కుని ఉండిపోతే పట్టు బాగున్నట్టు. ముక్క శుభ్రంగా, అడుగు నున్నగా ఊడి వస్తే చెమ్మో దుమ్మో అడ్డొచ్చింది. ఆ ముక్కల మీద తేదీ, చోటు రాసి కవర్లో వేసి ఫైల్లో పెట్టుకోండి. గుంతలను సీలెంట్‌తో నింపించండి.

కోటింగ్ ఆలస్యం చేయొద్దు

ఫోమ్‌కు ఎండ పడదు. నాలుగు రోజులు వదిలేస్తే పైపొర తేనె రంగుకు తిరిగి, వేలితో రుద్దితే పొడి రాలుతుంది. ఆ పొడి మీద ఏ కోటింగూ నిలవదు. 24 గంటల్లో మొదటి కోటు పడితే మంచిది, 72 గంటలు దాటకూడదు. కోటింగ్ బకెట్లు డాబా మీదికి చేరకముందు స్ప్రే మెషిన్ ఆన్ చేయనివ్వకండి. "సరుకు దారిలో ఉంది సార్" అన్న మాటకు నేను ఒకసారి ఐదు రోజులు ఎదురుచూశాను. పైపొరంతా గీకించాల్సి వచ్చింది.

ఏ కోటింగ్? యాక్రిలిక్ చౌక, తెల్లగా ఉంటుంది, కానీ నిలవ నీటిలో మెత్తబడుతుంది. వాటం బాగుంటేనే వాడండి. సిలికాన్ నిలవ నీళ్లకూ ఎండకూ చలించదు. కానీ తడిస్తే జారుతుంది, దుమ్ము పడుతుంది, రేపు దాని మీద మళ్లీ సిలికానే తప్ప ఇంకేదీ అతుక్కోదు. నడక ఎక్కువ ఉంటే ఎండకు పసుపెక్కని రకం పాలీయురేతేన్ కోటింగ్ గట్టిది, ధర కూడా గట్టిదే.

ఆరాక మందం 600 మైక్రాన్లు, అంటే 0.6 మి.మీ., ఉండాలని పట్టుబట్టండి. ఘనపదార్థం సగం ఉన్న యాక్రిలిక్ అయితే తడిగా 1,200 మైక్రాన్లు వేయాలి. ఇందాకటి 5,000 చదరపు అడుగులకు ఇది 560 లీటర్ల దాకా వస్తుంది, ఫోమ్ గరుకుకు 20 శాతం కలిపితే 670. అంటే 20 లీటర్ల బకెట్లు ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు. పది బకెట్లతో డాబా అంతా తెల్లగా చేసి చూపించడం పెద్ద కష్టమేమీ కాదు, అది ఒక్క వానాకాలం ముచ్చటే. కనీసం రెండు కోట్లు వేయించండి, మొదటిది బూడిద రంగు, రెండోది తెలుపు. మొదటిది తూర్పు పడమరలుగా కొడితే రెండోది ఉత్తర దక్షిణాలుగా కొట్టాలి. తెలుపులోంచి బూడిద కనబడ్డ చోటల్లా రోలర్ తప్పిందని మీరే చూపించవచ్చు.

తెలుపు అందుకు మాత్రమే కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. కొత్తగా కట్టే వాణిజ్య భవనాలకు చల్లటి కప్పు తప్పనిసరి చేసింది. కోటింగ్ కంపెనీ నుంచి ఎండను వెనక్కి కొట్టే శాతం రాసిన టెస్టు రిపోర్టు అడిగి తీసుకోండి, హైదరాబాద్‌లో కడుతున్నవాళ్లకు అనుమతుల దగ్గర పనికొస్తుంది.

తర్వాత

ఏడాదికి రెండుసార్లు, ఉగాది దగ్గర ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక ఒకసారి, పైకెక్కి చూడండి. కాకులు, పావురాలు ఫోమ్‌ను పొడుస్తాయి. దీపావళి మర్నాడు తప్పకుండా ఎక్కాలి, పక్క వీధి రాకెట్లు వచ్చి పడి కోటింగ్‌ను కాల్చి ఉంటాయి. సంక్రాంతికి పతంగులంటూ కుర్రాళ్లు ఎక్కకుండా మెట్ల తలుపుకు తాళం వేయండి. చిన్న చిల్లుకు భయపడక్కర్లేదు. ఫోమ్ లోపలి సన్న గాలి గదులు మూసుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు పక్కలకు పాకవు. ఆరనిచ్చి, చుట్టూ శుభ్రం చేసి, కోటింగ్‌కు సరిపడే సీలెంట్ నింపి, పైన రెండు కోట్లు వేస్తే సరి. ఎండాకాలం ముందు దుమ్ము కడిగిస్తే తెలుపు తెలుపుగా పనిచేస్తుంది. పదేళ్లు దాటాక కోటింగ్ పలుచబడి ఫోమ్ రంగు కనబడకముందే మళ్లీ కోటు వేయించాలి. ఫోమ్ తీయక్కర్లేదు.

చిల్లుల కంటే భయపడాల్సింది ఏసీ మెకానిక్ తెచ్చే వెల్డింగ్ మెషిన్‌కు. ఫోమ్ అంటుకుంటే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ లాంటి విషవాయువులు వస్తాయి. మెట్ల గది తలుపు మీద లోపలివైపు, ఎక్కేవాళ్ల కళ్లకు ఎదురుగా, ఎర్ర పెయింటుతో "వెల్డింగ్ వద్దు, బోల్టు కొట్టే ముందు ఓనరుకు ఫోన్ చేయాలి" అని రాయించి, కింద మీ నంబరు వేయండి. మిగిలిన కోటింగ్ బకెట్ ఒకటి మూత బిగించి మెట్ల కిందే, నీడలో ఉంచుకోండి. గడువు తేదీ మూత మీద రాసుకోండి.